సీసం వదిలి స్టీల్: పాత తుపాకీతో ఒక సీజన్

ఈ సీజన్‌లో సీసం గుళ్ళ తూటాలు మానేసి స్టీల్ గుళ్ళవి వాడాను. 12 బోర్ (అది గొట్టం సైజు), 65 మిల్లీమీటర్ల తూటా. లోపల 28 గ్రాముల స్టీల్ గుళ్ళు, నంబర్ 4 (గుండు సైజు; నంబర్ తగ్గేకొద్దీ గుండు పెద్దది). నీళ్ళలో కరిగే వాడ్, అంటే తూటా లోపల గుళ్ళు కూర్చునే చిన్న గిన్నె. 25 తూటాల డబ్బా నాకు 11 పౌండ్లకు పడింది. పది డబ్బాల స్లాబ్ ఒకటి అక్టోబరులో కొన్నాను. ఫిబ్రవరి చివరికి పదిహేను తూటాలు మిగిలాయి. ఇలాంటివి ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి, నేను రెండు కంపెనీలవి కాల్చాను. డబ్బా మీది బొమ్మ తప్ప తేడా ఏమీ కనిపించలేదు కాబట్టి పేర్లు రాయడం లేదు.

తొందరలో ఉన్నవాళ్ళకు ఒక్క మాట: 35 గజాల లోపల సీసం లేని లోటు నాకు తెలియలేదు. 35 దాటాక బాగా తెలిసింది. తుపాకీ పాతదైతే మాత్రం కింద తుపాకీ మిస్త్రీ దగ్గర జరిగిన సంగతి చదవకుండా తూటాలు కొనకండి.

నేను ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో ఒక ఆస్పత్రిలో రేడియోగ్రాఫర్‌ని. ఇక్కడ వేట అనగానే మనవాళ్ళకు సినిమాల్లో చూసిన దొరలు, కుక్కలు, పెద్ద పెద్ద ఎస్టేట్లు గుర్తొస్తాయి. నాది ఆ బాపతు కాదు. మా పక్కింటి పెద్దాయన ఒక రైతుకు పరిచయం చేశారు. ఆ రైతు ఆవాల జాతి పంట వేస్తాడు, ఆయిల్‌సీడ్ రేప్ అంటారు. చలికాలంలో అడవి పావురాలు దాని మీద వందల్లో వాలి ఆకు మిగల్చవు. పంట కాపాడుకోవడానికి వాటిని కాల్చేందుకు ఇక్కడ జనరల్ లైసెన్స్, అంటే అందరికీ వర్తించే అనుమతి, ఉంది. వల చాటున కూర్చుంటాం, పొలంలో ప్లాస్టిక్ పావురాలు పెడతాం. మన వేటగాళ్ళు దీమం అనేది ఇదే. దీనికి తోడు సీజన్‌లో రెండు మూడు రోజులు పొలం గట్ల వెంట నడుస్తూ ఫెజంట్ (కోడి లాంటి అడవి పక్షి) దొరికితే ఒకటో రెండో. ఏడాది మొత్తం మీద రెండు మూడు వందల తూటాలు. అంతకు మించి టైమూ లేదు, డబ్బూ లేదు.

తుపాకీ 1930లలో బర్మింగ్‌హామ్‌లో చేసిన పక్కపక్క గొట్టాల డబుల్ బ్యారెల్. సెకండ్ హ్యాండ్‌లో 180 పౌండ్లకు కొన్నాను. కర్ర మీద ఎవరిదో చెంప ఆని ఆని ఒకచోట నునుపుదేలింది. నా చెంపా సరిగ్గా అక్కడే ఆనుతుంది. అందుకే అది వదలబుద్ధి కాదు.

మరి సీసం ఎందుకు మానాను? బలవంతం ఏమీ లేదు, ఇంకా. ఇంగ్లండ్‌లో 1999 నుంచి బాతుల మీద, పెద్దబాతుల మీద, సముద్రపు ఒడ్డున సీసం గుళ్ళు కాల్చకూడదు. పావురాలకు, ఫెజంట్‌లకు ఆ నిషేధం లేదు. 2020లో తొమ్మిది షూటింగ్ సంస్థలు కలిసి, అయిదేళ్ళలో మాకు మేమే సీసం మానేస్తామని ప్రకటించాయి. అయిదేళ్ళు గడిచాక కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు ఫెజంట్‌లు తెచ్చి లోపలి గుళ్ళు తీసి చూస్తే 99 శాతం పక్షుల్లో సీసమే. స్వచ్ఛందం అంటే అలాగే ఉంటుంది, మన అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ మెయింటెనెన్స్ వసూలు లాగా. చివరికి 2025 జులైలో ప్రభుత్వమే ప్రకటించింది, ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ మూడింటిలోనూ ఒక శాతం కన్నా ఎక్కువ సీసం ఉన్న గుళ్ళకు నిషేధమని, మారడానికి మూడేళ్ళ గడువు అని. చెప్పిన లెక్క ప్రకారం 2029 నాటికి అందరూ మారాల్సిందే.

నేను ముందే మారడానికి కారణం మాత్రం నా ఉద్యోగం. చాలా ఏళ్ళ కింద ఒక పొట్ట ఎక్స్-రే చూశాను. కుడివైపు కింద, అపెండిక్స్ ఉండే చోట, పూసల్లా గుండ్రంగా నాలుగైదు తెల్లటి చుక్కలు. నాకు కాళ్ళు చల్లబడ్డాయి, ఎవరో కాల్చారనుకున్నాను. మా సీనియర్ నవ్వి, వేట మాంసం తినే ఇంటి మనిషి అయ్యుంటారు, మింగిన గుళ్ళు అక్కడికి చేరి కూర్చుంటాయి అన్నారు. నేను ఎక్స్-రేలు తగలకుండా రోజంతా సీసపు ఏప్రాన్ తొడుక్కుని తిరిగేవాణ్ణి. సీసం ఒంటి బయట ఉంటే ఎంత మేలో నాకు తెలుసు. లోపల ఉండటం చూడ్డం అదే మొదటిసారి.

తర్వాత తెలిసిందేమిటంటే, కనిపించే గుండు ఏరేస్తే సరిపోదు. సీసం మెత్తన. ఎముకకు తగిలితే పొడి పొడిగా చిట్లి మాంసంలో కలిసిపోతుంది, వేలికీ తగలదు, పంటికీ తగలదు. గర్భిణులు, చిన్నపిల్లలు సీసంతో కొట్టిన మాంసం వీలైనంత తగ్గించాలని ఇక్కడి ఆహార ప్రమాణాల సంస్థ 2012లోనే చెప్పింది. మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు ఆ కాగితం చదివి నా ముందు పెట్టింది. ఏమీ అనలేదు. ఫ్రీజర్‌లో ఉన్న పావురాలన్నీ పక్కింటి పెద్దాయనకు ఇచ్చేసి వచ్చాను. పక్షుల గొడవ వేరే ఉంది. బాతులు ఇసుకరాళ్ళు అనుకుని రాలిన గుళ్ళు మింగుతాయి, లోపల అవి అరిగి విషమై రెక్కలు వాలిపోయి చచ్చిపోతాయి. ఈ దేశంలో ఏటా 50 వేల నుంచి లక్ష దాకా నీటిపక్షులు ఇలా పోతున్నాయని ఒక అంచనా.

ఇక కొనడానికి వెళ్ళిన కథ. మొదట వెళ్ళిన షాపు పేరు అనవసరం. నా తుపాకీ మడత విప్పి చూడను కూడా చూడకుండా, కౌంటర్ అవతల నుంచే, ఇలాంటి పాతవాటిలో స్టీల్ వేస్తే గొట్టం పగిలి చేతికొస్తుంది, గోడకు తగిలించుకోండి అన్నాడు. ఆ ఊపిరిలోనే 900 పౌండ్ల కొత్త తుపాకీ ఒకటి బల్ల మీద పెట్టాడు. నేను నిజంగానే భయపడ్డాను. అప్పటికప్పుడు క్రెడిట్ కార్డులో ఎంత ఉందో మనసులో లెక్క వేసుకున్నాను కూడా. ఇంటికొచ్చి పెద్దాయనకు చెబితే, నువ్వు డాక్టరువి, ఎక్స్-రే తీయకుండానే ఆపరేషన్‌కు ఒప్పుకుంటావా అన్నారు. నేను డాక్టర్ని కాదని ఎనిమిదేళ్ళుగా చెబుతున్నాను, వినరు.

ఆయన నన్ను పంపిన మిస్త్రీ ఊరి బయట ఒక రేకుల షెడ్డులో పనిచేస్తారు. గొట్టాలు విడదీసి కిటికీ వెలుతురుకు పెట్టి లోపలికి చూశారు. తర్వాత అడుగున చెక్కిన గుర్తులు చూపించారు. నైట్రో ప్రూఫ్ అని ఉంది. అంటే పాతకాలపు నల్ల తుపాకీమందుకు (బ్లాక్ పౌడర్) కాకుండా ఇప్పటి పొగలేని మందుకు పరీక్ష చేసిన గొట్టం. చాంబర్ రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. 70 మిల్లీమీటర్ల తూటా ఇందులో వేయకూడదు. చూడ్డానికి పట్టినట్టే ఉంటుంది, కాలినప్పుడు విప్పుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. ఆ తర్వాత గేజ్ పెట్టి గొట్టం గోడ మందం చాలాచోట్ల కొలిచారు. అన్నిటికన్నా పల్చగా ఉన్న చోట 24 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు 24. 20 కన్నా తగ్గితే నేను ఒప్పుకోను, ఇది పరవాలేదు అన్నారు.

ఇబ్బంది ఎడమ గొట్టంతో వచ్చింది. దాని మూతి ఫుల్ చోక్, అంటే చివర బాగా బిగువు. సీసం మెత్తన కాబట్టి ఆ బిగువులోంచి నలిగి జారిపోతుంది. స్టీల్ నలగదు. హాఫ్ కన్నా బిగువు వద్దన్నారు. లోపల కాస్త అరగదీసి హాఫ్ చేశారు. కొలతకీ అరగదీసినందుకూ కలిపి 110 పౌండ్లు, రెండు వారాలు. చేసిన పని, చెప్పిన ఓపిక చూస్తే ఎక్కువేమీ కాదు. ఒక్కటే ఫిర్యాదు: ఫోన్ ఎత్తరు. తుపాకీ తయారైందో లేదో కనుక్కోవడానికి నేను రెండుసార్లు పద్దెనిమిది మైళ్ళు వెళ్ళాను.

ఇక్కడ స్టీల్ తూటాల్లో రెండు రకాలున్నాయని కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. స్టాండర్డ్ స్టీల్, హై పెర్ఫార్మెన్స్ స్టీల్. రెండోదానికి గొట్టం మీద లిల్లీపువ్వు ముద్ర ఉండాలి, ఆ ముద్ర లేని తుపాకీలో అది వేయకూడదు. నావి స్టాండర్డ్. వీటిలో గుండు సైజు కూడా 3.25 మిల్లీమీటర్లు దాటదు.

కాల్చే ముందు కాగితం మీద చూసుకున్నాను. రైతు ఇచ్చిన పాత వాల్‌పేపర్ చుట్ట వెనక్కి తిప్పి చెక్కకు కొట్టి, 35 గజాలు అడుగులు కొలిచి, ఒక్కో గొట్టంతో మూడేసి. 30 అంగుళాల వలయం గీసి చిల్లులు లెక్కపెట్టాను, పెన్నుతో ఒక్కోదాని మీద చుక్క పెడుతూ. కుడి గొట్టంతో సగటున 165 దాకా, ఎడమతో 180 దాటి. నేను ఇదివరకు వాడిన సీసం నంబర్ 6 కుడి గొట్టంలో ఇంచుమించు ఇంతే పడేవి. కాకపోతే స్టీల్ చిల్లులు మధ్యకు చేరి గుత్తంగా ఉన్నాయి, అంచుల్లో పల్చన. సీసం గుళ్ళు గొట్టంలో నలిగి అడ్డదిడ్డంగా పోతాయి. స్టీల్ గుండ్రంగానే ఉండి తిన్నగా పోతుంది. గురి తప్పితే సీసం దయతలచి ఒకటో రెండో గుళ్ళు తగిలించేది, స్టీల్‌కు ఆ దయ లేదు.

బరువు సంగతి. సీసం సాంద్రత 11.3, స్టీల్ 7.8. ఒకే సైజు గుండు తీసుకుంటే స్టీల్‌ది మూడింట రెండొంతుల బరువు. అందుకే రెండు సైజులు పెంచుకోవాలంటారు: సీసం 6 వాడేవాళ్ళు స్టీల్ 4కి, సీసం 5 వాడేవాళ్ళు స్టీల్ 3కి. తేలిక గుండు మొదట్లో జోరుగా పోయినా తొందరగా నీరసపడుతుంది.

ఇదంతా కాగితం మీద చదివితే ఒకటి, పొలంలో ఒకటి. నవంబరులో ఒక శనివారం గాలి బాగా ఉంది, పావురాలు దీమాల దాకా రాకుండా చెట్ల మీదుగా పక్కకు తిరుగుతున్నాయి. అలవాటు కొద్దీ కాలుస్తూ పోయాను. 31 తూటాలకు నాలుగు పావురాలు. పైగా రెండు పావురాలు ఈకలు రాల్చి ఎగిరిపోయాయి. వెతికితే ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు. ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు. తప్పు తూటాది అనుకున్నాను. మర్నాడు టేపు పట్టుకెళ్ళి నేను కూర్చున్న చోటి నుంచి ఆ చెట్ల దాకా కొలిస్తే 48 గజాలు! ఇన్నేళ్ళూ అది 40 అనుకుంటూ కాల్చాను. సీసంతో కూడా అక్కడ నేను కొట్టింది తక్కువే అయ్యుంటుంది, తగలకపోతే గాలి మీద తోసేసి మర్చిపోయేవాణ్ణి.

తర్వాతి వారం 30 గజాల దగ్గర ఒక కర్ర, 35 దగ్గర ఒక కర్ర పాతాను. రెండో కర్ర దాటితే తుపాకీ ఎత్తలేదు. 22 తూటాలకు తొమ్మిది పావురాలు. నా స్థాయికి అది పండగ. పడినవి ఠపీమని పడ్డాయి, కొట్టుకోలేదు. డిసెంబరులో గట్టు మీద లేచిన మగ ఫెజంట్ ఒకటి 25 గజాల్లో ఒకే దెబ్బకు. పెద్దాయన కుక్క తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది.

వాడ్ గురించి. స్టీల్ గుళ్ళు గొట్టాన్ని గీకకుండా అవన్నీ ఒక చిన్న గిన్నెలో కూర్చుని పోతాయి, అదే వాడ్. ప్లాస్టిక్‌దైతే పొలం నిండా తెల్లటి ముక్కలు. ఈ రైతుకు గొర్రెలున్నాయి, ప్లాస్టిక్ అంటే మొదటి రోజే గేటు వేసేస్తాడు. ఈ కరిగే వాడ్ తడి గడ్డి మీద వారానికి చూస్తే నానిన అటుకు ముద్దలా అయింది, వేలితో నొక్కితే విడిపోయింది. బాగుంది. మరి కరిగేదానికి తడి పడదు కదా, తూటాలు పొడిగా దాచాలి. నా వాక్స్ జాకెట్ జేబులో ఒక తూటా మరిచిపోయి ఆరు వారాల తర్వాత దొరికింది. మూతి దగ్గర ఉబ్బి ఉంది. కోసి చూస్తే పై గుళ్ళు తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కట్టాయి. అలాంటిది తుపాకీలో వేసి ఉంటే ఏమయ్యేదో. సీసం తూటా అలా ఏడాది పడున్నా నేను పట్టించుకునేవాణ్ణి కాదు. డబ్బాలు ఇప్పుడు అటక మీద బియ్యం సంచీ పక్కన ఉంటున్నాయి, తాళం వేసిన పెట్టెలో.

వంటింట్లో దీనికి మంచీ ఉంది, చెడూ ఉంది. సీసం గుండు పంటి కింద పడితే మెత్తగా అణుగుతుంది. స్టీల్ పడితే పన్ను విరుగుతుంది. ఇక్కడ దంతవైద్యుడి అపాయింట్‌మెంట్ దొరకడం పావురం దొరకడం కన్నా కష్టం. కానీ స్టీల్‌కు అయస్కాంతం ఉంది! చిన్న నియోడిమియం బిళ్ళ ఒకటి కొన్నాను. రొమ్ము ముక్కలు పల్చగా కోసి దాని మీద మెల్లగా తిప్పుతాను. గుండు ఉన్న చోట ముక్క వణికినట్టు కొద్దిగా పైకి లేస్తుంది. చాకు మొనతో గాటు పెడితే బిళ్ళకు టిక్కుమని అంటుకుంటుంది. మా అమ్మాయికి నాలుగేళ్ళు, ఆ టిక్కు కోసం స్టూలు వేసుకుని నిలబడుతుంది. అది పుట్టకముందు మానేసిన పావురం ఇగురు ఇంట్లో మళ్ళీ మొదలైంది. వెల్లుల్లి, మిరియం ఎక్కువ, నీళ్ళు తక్కువ.

బిస్మత్ సంగతి అడుగుతారు. సాంద్రత 9.7 దాకా ఉంటుంది, సీసానికి దగ్గర. మెత్తన కూడా, పాత చోక్‌కు ఇబ్బంది లేదు, నార వాడ్‌తో కాల్చొచ్చు. నా గొట్టం గోడ 24 కాకుండా 18 అని తేలి ఉంటే నాకు అదొక్కటే దారి. కాల్చి చూశాను, ఒక డబ్బా. చాలా బాగుంది. ధర ఒక్కో తూటాకు 2 పౌండ్ల పైనే. 2025 ఫిబ్రవరిలో చైనా బిస్మత్ ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టాక ఇంకా పైకెళ్ళింది. ఒక పావురానికి మూడు తూటాలు ఖర్చుపెట్టే నాలాంటివాడికి ఆ పావురం ఆరు పౌండ్లు. అంతకు షాపులో కోడే వచ్చేస్తుంది.

అసలు నా గొణుగుడు ఇక్కడే. నిషేధం సరైనదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ దాని ఖర్చు అందరి మీదా ఒకేలా పడదు. పెద్ద ఎస్టేట్లలో ఒక్కో ఫెజంట్‌కు 40 పౌండ్లు దాటి కట్టి, రోజుకు రెండు వందల పక్షులు కాల్చేవాళ్ళకు తూటా ధర చిల్లర. వాళ్ళ దగ్గర లిల్లీపువ్వు ముద్ర ఉన్న కొత్త తుపాకీలు మూడేసి ఉంటాయి. గుళ్ళు ఎక్కువగా రాలుస్తున్నదీ వాళ్ళే. 180 పౌండ్ల తుపాకీ ఉన్నవాడు దాని విలువలో సగానికి పైగా మిస్త్రీకి కట్టాలి, లేదా తెలియక కౌంటర్ దగ్గరే భయపడి పాతది పారేయాలి. మూడేళ్ళ గడువు ఇచ్చినవాళ్ళు, పాత తుపాకీలు ఉచితంగానో సగం ధరకో కొలిచి చెప్పే ఏర్పాటు ఒకటి చేసి ఉంటే ఎంత బాగుండేది. మా పెద్దాయన తుపాకీ ఇంకా పాతది, గొట్టాలు డమాస్కస్ మెలిక ఇనుము, నల్ల తుపాకీమందు ప్రూఫ్. అది ఏ లెక్కన చూసినా స్టీల్‌కు పనికిరాదు. ఆయన ఏడాదికి కాల్చేది ముప్ఫై తూటాలు. కుందేళ్ళకు ఆయన వాడే .22 రైఫిల్‌కు మాత్రం ఈ నిషేధం వర్తించదు, చిన్న క్యాలిబర్ బుల్లెట్లను మినహాయించారు. ఆ కబురు చెబితే, అయితే ఇక మీదట ఎగిరేవి నీవి, పరిగెత్తేవి నావి అన్నారు.

వచ్చే సీజన్‌కు నంబర్ 3 ఒక డబ్బా తెచ్చి పెట్టాను, ఫెజంట్‌ల కోసం. వాల్‌పేపర్ ఇంకా సగం చుట్ట ఉంది. కాల్చాక లెక్కలు కింద కలుపుతాను.